పురుగుమందు మోతాదు చెప్పే ఏఐకి హద్దు ఎక్కడ గీయాలి: అనంతపురం రైతు కంపెనీ కేస్ స్టడీ

ఈ కేసు అనంతపురం జిల్లాలోని ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీది. కంపెనీ పేరు, మండలం, సంవత్సరం తీసేశాను. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. వాళ్ల సమ్మతితోనే రాస్తున్నాను.

ఏఐతో మాటలు, బొమ్మలు పుట్టించే సాధనాలు తయారు చేసేవాళ్లు వాటికి హద్దులు పెట్టాలా వద్దా అన్న చర్చ మన దగ్గర ఎక్కువగా సినిమా తారల నకిలీ వీడియోల చుట్టూ, ఎన్నికల ప్రచారం చుట్టూ తిరుగుతోంది. ఆ చర్చ జరగాల్సిందే. కానీ మందు ట్యాంకు వీపున వేసుకుని చెనక్కాయ (వేరుశనగ) చేలో నిలబడ్డ మనిషి ఫోన్లో వినే జవాబుకు హద్దు ఉండాలా అని అడిగితే, ఆ ప్రశ్నకు గాలిలో జవాబు చెప్పలేం. ఏది ఆపాలి, ఏది ఆపకూడదు, ఆపితే ఆ రైతు తర్వాత ఎక్కడికి వెళ్తాడు అని ఒక్కొక్కటే తేల్చుకోవాలి. మేం అలా తేల్చుకున్న క్రమమే ఈ రాత.

నేపథ్యం

రైతు సంఘాలకు సలహా సేవలు ఏర్పాటు చేసి నడిపించడం నా పని. ఈ కంపెనీ సభ్యులది ఎక్కువగా వర్షాధార సేద్యం. వేరుశనగ, అందులో అంతరపంటగా కంది. బోరు ఉన్నవాళ్లకు చీనీ (బత్తాయి) తోటలు. టైపు చేయడం చాలామందికి అలవాటు లేదు గానీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం అందరికీ వచ్చు. అందుకే సేవను గొంతు మీదే నిలబెట్టాం. రైతు మాట్లాడితే ఆ మాట అక్షరాల్లోకి మారుతుంది, ఒక పెద్ద భాషా మోడల్, అంటే ఎన్నో రాతలు చదివి నేర్చుకున్న ఏఐ, జవాబు తయారు చేస్తుంది, అది మళ్లీ తెలుగు గొంతుతో రైతుకు చేరుతుంది.

మోడల్ మాది కాదు. ఒక పెద్ద సంస్థ తయారు చేసినదాన్ని వాడుకున్నందుకు డబ్బు కడతాం. అంటే ఈ కేసులో తయారీదారులు ఇద్దరు: మోడల్‌ను తయారు చేసిన సంస్థ, దాని మీద రైతు సేవను కట్టిన మేము. హద్దుల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు చేతులనూ విడివిడిగా చూడకపోతే అంతా కలగాపులగం అవుతుంది.

అవసరం నిజమైనదే. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచీ ఉంది. 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే జవాబిస్తారు. ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది. అయినా సహాయకుడు ఒక్కడే, పొలాలు చాలా. రైతుకు ప్రశ్న పుట్టేది చీకటి పడ్డాక, తెల్లారితే మందు కొట్టాల్సినప్పుడు. ఆ వేళ రైతు వెళ్లేది మామూలుగా మందుల అంగడికే. అదే అంగడి అప్పు కూడా ఇస్తుంది కాబట్టి అక్కడి సలహాను కాదనడం రైతుకు కష్టం.

ఎదురైన సమస్య

ఎర్ర గొంగళి పురుగు లేచిన కాలం. ఒక రైతు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, రెండు తూర్లు కొట్నా పురుగు సావడం ల్యా. ఇంగేం కొట్టల్ల?" జవాబు చాలా మర్యాదగా, చాలా ధైర్యంగా వచ్చింది. మోనోక్రోటోఫాస్ అనే బాగా విషపూరితమైన పురుగుమందు పేరు చెప్పింది, లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లు అంది. అంతటితో ఆగకుండా దానిలో ఇంకో మందు కలపమంది. ఎకరాకు చెప్పిన మొత్తం లెక్క చూస్తే అది హెక్టారుకు ఉండాల్సిన అంకె. హెక్టారంటే 2.47 ఎకరాలు. అంటే రైతు రెండింతలకు పైగా కొట్టేవాడు.

మరుసటి రోజు పొద్దున్నే మా క్షేత్ర సమన్వయకర్త ఆ సంభాషణ చదివి ఫోన్ చేసింది. రైతు ఇంకా మందు కొట్టలేదు, అంగడికి బయలుదేరబోతున్నాడు. కానీ ఆ వాయిస్ జవాబు అప్పటికే ఊరి గ్రూపులో పడింది.

ఈ చివరి వాక్యమే మా నిర్ణయాలన్నిటికీ మూలం. అంగడివాడు తప్పు చెబితే ఎదురుగా నిలబడ్డ ఒక్క మనిషికి చెబుతాడు. యంత్రం చెప్పినది రికార్డయిన గొంతు. అది ఊళ్లు దాటుతుంది. ఎవరు, ఏ పంటకు, ఏ దశలో అడిగారన్నది వెనకే ఉండిపోయి జవాబు ఒక్కటే ముందుకు పోతుంది. "అది కూడా మనిషిలాంటి సలహాదారే, మనిషికి లేని హద్దు దానికెందుకు" అనే వాదన నాకు ఇక్కడే కూలిపోతుంది.

యంత్రం ఆ పేరును ఎక్కడి నుంచి తెచ్చిందో వెతికాం. తనంతట కల్పించలేదు. దశాబ్దాల పాటు మన కరపత్రాల్లో, పంటల క్యాలెండర్లలో, పత్రికల వ్యవసాయ పేజీల్లో మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, ఫోరేట్ గుళికలు పదే పదే వచ్చాయి. ఆనాటికి అవి అధికారిక సిఫారసులే. తర్వాత కాలం మారింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఫోరేట్, ట్రయజోఫాస్ 2020 చివరితో ఆగిపోయాయి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లోనే చెప్పారు. 36 శాతం ద్రవరూపాన్ని 2023లో ఆపుతూ నిల్వలు అయిపోవడానికి గడువిచ్చారు. ఈ మార్పులన్నీ ఉత్తర్వుల్లో ఉన్నాయి. తెలుగులో రాసిన పాత సిఫారసులేమో ఎవరూ చెరపలేదు కాబట్టి అలాగే ఉన్నాయి. తెలుగు చదివి నేర్చుకున్న మోడల్‌కు పాత మాట బరువు ఎక్కువ, కొత్త ఉత్తర్వు బరువు తక్కువ.

ఇంకొక సంగతి కూడా తేలింది. అదే ప్రశ్నను ఇంగ్లీషులో అడిగితే మోడల్ జాగ్రత్తగా మాట్లాడింది, లేబుల్ చూడమంది, వ్యవసాయ అధికారిని అడగమంది. తెలుగులో ఆ జాగ్రత్త పలచబడింది. 2023లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంగ్లీషులో నిరాకరించే ప్రశ్నలను జులు లాంటి భాషల్లోకి మార్చి అడిగితే అప్పటి పెద్ద మోడల్ జవాబిచ్చేస్తోందని చూపించారు. మాకు కనిపించింది దానికి దగ్గరి విషయమే. తయారీ సంస్థ హద్దు పెట్టానని చెప్పినప్పుడు ఏ భాషలో పెట్టారని అడగడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

మొదటి ప్రయత్నం: అంతా ఆపేయడం

ఆ రోజే పురుగుమందుల ప్రశ్నలన్నిటికీ తాళం వేశాం. మందు పేరు, మోతాదు, విషం, చావడం లాంటి మాటలు వస్తే "ఈ విషయంలో సలహా ఇవ్వలేను, దగ్గర్లోని వ్యవసాయ అధికారిని కలవండి" అనే జవాబు పోతుంది. తాత్కాలికమని తెలిసే చేశాం. పురుగు ఉధృతిలో ఉంది, తప్పు జవాబు ఊరూరా తిరుగుతోంది. అలాంటప్పుడు ముందు నోరు మూయించడమే సరి అనిపించింది. ఇప్పుడైనా అదే చేస్తాను.

కానీ అది నిలబడే పద్ధతి కాదని కొద్ది రోజుల్లోనే బయటపడింది. "పురుగు సావడం ల్యా" అన్నది మా రైతులు అతి మామూలుగా అనే మాట. ఫిల్టర్‌కు అందులో చావు మాత్రమే వినిపించింది. మగ రెక్కల పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టల గురించి అడిగినా, వేపనూనె గురించి అడిగినా అదే జవాబు. రైతులు రెండుసార్లు అడిగి చూసి మానేశారు. మానేసి ఎక్కడికి వెళ్లారో మా సిబ్బంది ఇళ్ల దగ్గర అడిగి తెలుసుకుంది. ఎక్కువమంది నేరుగా అంగడికే వెళ్లారు. అక్కడ ఒకటికి మూడు డబ్బాలు కలిపి కొట్టే సలహా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇదంతా ఒక ఎత్తు, ఒక రాత్రి వచ్చిన మెసేజ్ ఒక ఎత్తు. ఒక ఇల్లాలు పెట్టింది: "మా ఆయన మందు కొట్టొచ్చినాడు. తల తిరుగుతాండాది అంటాడు, వాంతికొస్తాండాది. ఏం చేయల్ల?" ఆమె ప్రశ్నకు రెండు గోడలు అడ్డం నిలబడ్డాయి. ఒకటి మాది. దాన్ని తీసేసి పరీక్షగా అదే ప్రశ్న పంపితే పైనున్న మోడల్ కూడా విష పదార్థాల గురించి సమాచారం ఇవ్వలేనని వెనక్కి తగ్గింది. ఆమె మా కోసం ఎదురుచూడకుండా పక్కింటివాళ్లతో బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లింది, ఆయన కోలుకున్నాడు. ఆమె తెలివి వల్ల జరిగిన మేలు అది, మా సేవ వల్ల కాదు.

నిరాకరణను చాలామంది తయారీదారులు ఖర్చులేని జవాబుగా చూస్తారు. జవాబివ్వకపోతే తప్పు జరగదు, కోర్టుకు వెళ్లాల్సిన పని లేదు అనుకుంటారు. పొలంలో నిరాకరణకు ఖర్చుంది, దాన్ని రైతు కడతాడు. తడిసిన బట్టలు విప్పించాలి, సబ్బుతో ఒళ్లంతా కడగాలి, గాలి ఆడేచోట పడుకోబెట్టాలి, బలవంతంగా వాంతి చేయించకూడదు, మందు డబ్బాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి. ఈ మాటలు ఎవరికైనా ఎప్పుడైనా చెప్పదగినవే. వీటిని ఆపే హద్దు హద్దే కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే ఒక వైద్యురాలి చేత ఈ జవాబును సరిచూయించి, ఆమె చదివినట్టుగా రికార్డు చేసి పెట్టాం. విషం సోకిన లక్షణాలు వినిపిస్తే మోడల్‌ను అసలు అడగకుండా ఆ రికార్డు వెంటనే పోతుంది, ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800-116-117 కూడా దానితోపాటే పోతుంది, మా మనిషి ఫోన్ మోగుతుంది. ఈ కేసులో మేం చేసిన పనులన్నిటిలో నాకు అతి ముఖ్యమైనది ఇదే.

రెండో ప్రయత్నం: మోడల్‌కు బుద్ధి చెప్పడం

తాళం తీసి, మోడల్‌కు ముందుగా ఇచ్చే ఆదేశాల పత్రంలో నియమాలు రాశాం. నిషేధించిన మందుల పేర్లు ఇచ్చి ఇవి చెప్పవద్దన్నాం. మోతాదు తెలియకపోతే తెలియదని చెప్పమన్నాం. ఎక్కువసార్లు మాట విన్నది. జారిపోయిన తావులే మాకు పాఠం నేర్పాయి.

రైతు రసాయనం పేరు చెప్పడు. అంగట్లో ఇచ్చిన డబ్బా పేరు చెబుతాడు, లేకపోతే "ఎర్ర మూత డబ్బా" అంటాడు. డబ్బా పేరు వెనక ఏ రసాయనం ఉందో మోడల్‌కు సరిగా తెలియదు కాబట్టి నిషేధ జాబితా ఉన్నా దాని పక్క నుంచి జవాబు దాటిపోయింది. సంభాషణ పొడుగైన కొద్దీ ఆదేశాల పట్టు సడలింది. ఇంకోవైపు అతిజాగ్రత్త మొదలైంది: వాడుకలో ఉన్న, అనుమతి ఉన్న మందును కూడా నిషేధించారని చెప్పేసింది. ఒక రైతు ఆ మాట పట్టుకుని అంగడివాడితో గొడవపడ్డాడు, మాట పోగొట్టుకున్నాడు. ఆ ఊళ్లో మా సేవ మీద నమ్మకం మళ్లీ రావడానికి ఆ పంటకాలమంతా పట్టింది.

ఈ దశలో ఇద్దరు రెండు దారులు చూపించారు. మా సాంకేతిక బృందంలో ఒకతను, ఎవరైనా దించుకుని సొంత కంప్యూటర్లో నడుపుకోగల బహిరంగ మోడల్‌కు మారదామన్నాడు. ఖర్చు తక్కువ, పైవాడి నిరాకరణలు ఉండవు, సబ్బుతో కడగమని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పరీక్షించి చూశాం. నిజంగానే ఏదీ కాదనలేదు. కలపకూడని మందులు కలపడం ఎలాగో కూడా అంతే మర్యాదగా చెప్పింది. బహిరంగ మోడళ్లంటే నాకు వ్యతిరేకత లేదు, వాటి వల్లే తెలుగులో ఎన్నో పనులు సాగుతున్నాయి. కానీ అది తీసుకుంటే పైవాడు కాయాల్సిన కాపలా కూడా మేమే కాయాలి. అంత బలగం మాకు లేదు. లేనప్పుడు దాన్ని రైతు చేతిలో పెట్టడం న్యాయం కాదని వద్దనుకున్నాం.

రెండో మాట కంపెనీ బోర్డులోని ఒక పెద్దాయనది. ఆయన నిలదీశాడు: "మేమేమన్నా చిన్నపిల్లోళ్లమా? అంగట్లో బయటపెట్టి అమ్మే డబ్బా గురించి చెప్పేదానికి దీనికి ఏం భయం? ఉన్నదున్నట్టు చెప్పమనండి, యాది కొట్టల్లో మేం చూసుకుంటాం." ఈ వాదనను తేలిగ్గా తీసేసేవాళ్లంటే నాకు కోపం. రైతుకు తెలుసుకునే హక్కుంది. రైతు పేరు చెప్పి అతడి దగ్గర సమాచారం దాచే అలవాటు మన వ్యవస్థల్లో చాలా పాతది. ఆయనకు నేను చెప్పిన జవాబు ఒక్కటే: "పెద్దాయనా, ఆ డబ్బా మీద లేబుల్ ఉంది. 1968 నాటి పురుగుమందుల చట్టం ఉంది కాబట్టి ఆ లేబుల్ మీద రిజిస్ట్రేషన్ ఉంది, ఏ పంటకో ఉంది, ఎంత విషమో చెప్పే రంగు ఉంది, విరుగుడు ఉంది. ఎవరిని పట్టుకోవాలో ఉంది. ఈ యంత్రం చెప్పిన అంకెకు వీటిలో ఒక్కటీ లేదు. దాన్ని మీకు ఇవ్వడం సమాచారం ఇచ్చినట్టు కాదు." ఆయన కాసేపు ఆలోచించి, "అయితే లేబుల్ ఉన్న అంకెనే చెప్పించండి" అన్నాడు. మాకు దారి చూపింది ఆ మాటే.

పనిచేసిన పద్ధతి

మోడల్‌కు ఇచ్చిన పనిని రెండుగా చీల్చాం. రైతు యాసను, అతడి కష్టాన్ని అర్థం చేసుకోవడం, తెలిసిన విషయాన్ని మంచి తెలుగులో చెప్పడం మోడల్ పని. మందు పేరు, మోతాదు, పిచికారీకి కోతకు మధ్య ఉండాల్సిన గడువు మాత్రం మోడల్ తనంతట చెప్పకూడదు. వాటికి ఒక పట్టిక తయారు చేశాం. కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ ఏ మందును ఏ పంటకు అనుమతించాయో, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇప్పటి సిఫారసు ఏమిటో రెండూ కలిసిన చోటే ఒక వరుస. విశ్రాంత వ్యవసాయ శాస్త్రవేత్త ఒకరు ప్రతి వరుసనూ చదివి సంతకం పెట్టారు. మోతాదులను ఎకరాకు, 200 లీటర్ల నీటికి లెక్కగట్టి, దాన్ని మళ్లీ రైతు చేతిలో ఉండే ట్యాంకు కొలతకు మార్చి పెట్టాం. హెక్టారు అనే మాట రైతుకు చేరే చోట ఎక్కడా లేకుండా చేశాం.

జవాబు బయటికి వెళ్లే ముందు ఒక పరీక్ష ఉంటుంది. అందులో మందు పేరు పక్కన అంకె ఉంటే అది పట్టికలోని వరుసతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ వాక్యం పోదు, దాని స్థానంలో "ఈ మందుకు మోతాదు నా దగ్గర లేదు, డబ్బా లేబుల్ ఫొటో పంపండి, మా సార్ చూసి చెబుతారు" అని పోతుంది. ఫొటో మనిషి దగ్గరికే వెళ్తుంది. నిషేధించిన మందు గురించి అడిగితే దాచకుండా, ఏ సంవత్సరం ఎందుకు ఆపారో చెబుతుంది. మొదట్లో ఆ పేర్లను పూర్తిగా ఆపాలనే వాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో పాత డబ్బా మిగిలిన రైతుకు అది వాడకూడదన్న సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మందులేని పద్ధతులకు మాత్రం తలుపులు బార్లా తెరిచాం. తొలకరి వానల తర్వాత రెక్కల పురుగులు లేచే రోజుల్లో దీపపు ఎరలు పెట్టడం, గట్ల వెంట జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేసి గొంగళి పురుగులను ఏరేయడం, వేసవి లోతు దుక్కి. కాండం కుళ్ళు వైరస్ తెగులుకు తామర పురుగులు వాహకాలు కాబట్టి చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వేయడం, వయ్యారిభామ మొక్కలను పూతకు రాకముందే పీకడం. 2000 ఖరీఫ్‌లో ఆ తెగులు ఈ జిల్లాను ఎలా ముంచిందో గుర్తున్న రైతులు ఈ జవాబులను చెప్పగానే పట్టుకున్నారు. ఇక్కడ మోడల్ ఒక మాట అటూఇటూ చెప్పినా పోయేది కొద్ది శ్రమే, ప్రాణం కాదు. తప్పు జరిగితే ఎంత నష్టం, దాన్ని వెనక్కి తీసుకోగలమా అన్న కొలతతోనే ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో నిర్ణయించాం. విషయం వినడానికి భయంగా ఉందా లేదా అన్నది కొలతగా పెట్టుకోలేదు.

ఒక హద్దు విషయంలో మాత్రం ఎవరి మధ్యా వాదన లేదు. అప్పుల గురించి, బతుకు మీద విసుగు గురించి మాట్లాడుతూ మందుల గురించి అడిగే మెసేజ్‌లు రాత్రిళ్లు అప్పుడప్పుడూ వస్తాయి. మనిషికి ఏది ఎంత ప్రమాదం అన్న కోణంలో మోడల్ ఒక్క మాట కూడా చెప్పదు. ఈ హద్దు మోడల్ తయారీ సంస్థ పెట్టింది, మేమూ పెట్టాం. రెండూ ఉండాలి. శ్రీలంకలో 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటే ఆపుతూ వస్తే తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. చేతికందేది దూరమైతే ఆ గడియ దాటిపోతుంది, మనిషి మిగులుతాడు. తయారు చేసే చోట పెట్టిన హద్దు ప్రాణాలు కాపాడుతుందనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు తెలియదు. హద్దులంటేనే సెన్సారని కొట్టిపారేసే మిత్రులతో మాట్లాడినప్పుడు మొదట దీన్నే ముందు పెడతాను.

అయితే ఆ మెసేజ్‌కు నంబరు ఒకటి పడేసి ఊరుకోవడానికి మనసు రాలేదు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ నంబరు 14416ను మోడల్ చెబుతుంది, ఆ లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. దానితోపాటే ఆ ఊరిని ఎరిగిన మా మనిషి ఒకరు అప్పటికప్పుడు ఫోన్ చేసి, "ఏం రెడ్డీ, ఎట్లుండావ్?" అని పలకరిస్తారు. యంత్రం ఓదార్పు మాటలతో సంభాషణ పొడిగించాలా అని చర్చించి వద్దనుకున్నాం. చక్కటి తెలుగులో ఓదార్చడం దానికి వచ్చు. కానీ ఆ మనిషి ఇల్లు ఎక్కడో దానికి తెలియదు, తలుపు తట్టలేదు.

పెట్టకూడని హద్దు

అదే పంటకాలంలో ఇంకో రకం ఫిర్యాదు వచ్చింది. కొన్న విత్తనం మొలవక నష్టపోయిన కొందరు రైతులు కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీ రాసిపెట్టమని మా సేవను అడిగారు. మోడల్ రాసిన అర్జీ చూసి నాకు బాధేసింది. ఎవరి మీదా ఆరోపణ చేయలేనంది. విక్రేత పేరు తీసేసింది. "కొన్ని కారణాల వల్ల మొలక శాతం ఆశించినంత రాలేదు" అని రాసింది. బిల్లు చేతిలో ఉన్న రైతు గొంతును ఆ యంత్రం తనే నొక్కేసింది.

మోడల్ తయారీ సంస్థ ఉద్దేశం నాకు అర్థమవుతుంది. పరువు నష్టం కలిగించే రాతలు పుట్టించకుండా ఆ హద్దు పెట్టి ఉంటారు. కానీ ఆ హద్దు ఇక్కడ బలవంతుడి వైపు కాసింది. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలన్నది ప్రమాణం. అంతకు తగ్గితే అడిగే హక్కు రైతుకు ఉంది. మేం అర్జీలకు వేరే దారి వేశాం. కొన్న తేదీ, బిల్లు నంబరు, లాట్ నంబరు, విత్తిన తేదీ, మొలక ఎంత, సాక్షులెవరు అని మోడల్ ఒక్కొక్కటీ అడుగుతుంది. రైతు చెప్పింది రైతు మాటగానే రాస్తుంది, పేర్లు తీసేయదు. రైతు విని ఒప్పుకున్నాకే కాగితం మీదికి వస్తుంది. అదే విత్తనాల కంపెనీ మనిషి వచ్చి "మా విత్తనం వేస్తే దిగుబడి గ్యారంటీ" అని ఊరి గ్రూపులకు ప్రచారం రాయమంటే మాత్రం రాయదు.

తేలిన విషయాలు

హద్దులు పెట్టాలా అని నన్నడిగితే పెట్టాల్సిందే అంటాను. తయారు చేసిన చోట ఒకటి, వాడే చోట ఒకటి. ఎక్కడైనా, ఏ భాషలోనైనా ప్రాణం తీసేదాన్ని మోడల్ తయారీ సంస్థే ఆపాలి. దాన్ని మాలాంటి చిన్న బృందాల మీద వదలకూడదు. ఎకరాల లెక్క, అంగడి అప్పు, యాస, పాత కరపత్రాల బరువు లాంటివి అంత దూరాన కూర్చున్నవాళ్లకు తెలియవు. అందుకే అక్కడి నుంచి వచ్చే గంపగుత్త నిరాకరణలు ఇక్కడ సబ్బుతో కడగమనే మాటను కూడా ఆపేస్తాయి. వాడే చోట పెట్టే హద్దును ఆ పొలాన్ని ఎరిగినవాళ్లే గీయాలి, వాళ్ల పేరు దాని కింద ఉండాలి. హద్దు దాకా వచ్చిన మనిషికి అక్కడి నుంచి ఎటు వెళ్లాలో చెప్పాలి. మా పద్ధతిలో కాదన్న ప్రతి జవాబు వెనకా ఒక మనిషి ఫోన్ ఉంది. ఆ ఖర్చు మా నెలవారీ ఖర్చుల్లో పెద్దదే, దాన్ని తగ్గించమని ఎవరడిగినా నేను ఒప్పుకోను.

ప్రభుత్వం వైపు నుంచి ఇంకా స్పష్టత రావాల్సి ఉంది. 2024 మార్చి మొదట్లో కేంద్ర ఐటీ శాఖ, పూర్తిగా పరీక్షించని మోడళ్లకు ముందస్తు అనుమతి కావాలని సూచన ఇచ్చి, అదే నెల మధ్యలో దాన్ని వెనక్కి తీసుకుని సవరించింది. అనుమతుల దారి మాలాంటి చిన్నవాళ్లను కాగితాల్లో ముంచుతుందన్న భయం నాకూ ఉంది. దానికి బదులు, మందు మోతాదు చెప్పే ఏ సాధనమైనా ఆ అంకె ఎక్కడిదో, ఎవరు సరిచూశారో రైతుకు వినిపించాలనే ఒక్క నియమం వస్తే చాలా మేలు.

తెగని చిక్కు ఒకటి మిగిలింది. మోడల్‌ను తయారీ సంస్థ పంట మధ్యలో మారుస్తుంది. ఒకసారి అలా మారిన తర్వాత నిన్నటిదాకా సరిగా చెప్పిన జవాబు ఇంకోలా వచ్చింది, మా పరీక్ష దాన్ని పట్టుకుని ఆపింది. అప్పటి నుంచి రైతులు నిజంగా అడిగిన ప్రశ్నలను, పేర్లు తీసేసి, అనంతపురం యాసలోనే ఒక కట్టగా కట్టిపెట్టాం. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ ఆ కట్టంతా అడిగి, జవాబులు శాస్త్రవేత్త చూశాకే రైతులకు వదులుతాం. ఆ కట్టను మోడల్ సంస్థకు కూడా పంపాం, వాళ్ల తెలుగు పరీక్షల్లో కలుపుకోమని అడిగాం. జవాబు రావాల్సి ఉంది.

వేరుశనగ, కంది పట్టికలు పూర్తయ్యాయి. చీనీ పట్టికలో సగం వరుసలకు ఇంకా సంతకం పడలేదు. అవి పడేదాకా చీనీ తోటల మందు ప్రశ్నలు ఏ వేళ వచ్చినా మనిషి దగ్గరికే వెళ్తున్నాయి.